మీ ల్యాప్‌టాప్ మాకు పంపలేరు కదా: తెలుగు ప్యాకేజీలు కట్టే మిత్రులకు బరంపురం నుంచి ఒక బహిరంగ లేఖ

తెలుగు టైపింగ్, నిఘంటువు, ఫాంట్ల ప్రోగ్రాములు రాసి, వాటిని డెబ్ ఫైళ్ళుగా (డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ కంప్యూటర్లలో ఎక్కించుకునే మూటలు, వీటినే ప్యాకేజీలంటాం) చుట్టి ఉచితంగా పంచుతున్న మిత్రులందరికీ నమస్కారం.

ముందుగా ఒక మాట. మీరు రూపాయి అడక్కుండా రాత్రిళ్ళు కూర్చుని చేసిన పని వల్లే మా పిల్లలు కంప్యూటర్లో తెలుగు రాస్తున్నారు. ఆ రుణం గుర్తుంది. కింద కాస్త కోపం కనిపిస్తే సొంతవాళ్ళ మీద చూపించే కోపం అనుకోండి.

నేనుండేది బరంపురంలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి ఇటు వచ్చిన గంజాం సీమ మాది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బజార్లో రెండూ. మా వీధిలో గుంటలు తెలుగులో గలగలా మాట్లాడతారు, దెబ్బలాడతారు, బేరాలాడతారు. రైలెక్కి ఇచ్ఛాపురంలో దిగితే స్టేషను బోర్డు మీద తెలుగు మాత్రం చదవలేరు. వాళ్ళ కోసం మేం కొంతమందిమి కలిసి ఆదివారం తరగతి నడుపుతున్నాం. ఒక గది, పాత డెస్క్‌టాప్‌లు 14, ఒక్కోదాంట్లో 4 జీబీ మెమరీ, అన్నిటిలో డెబియన్ 12. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పుతున్నాం, ఎందుకంటే ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే తెలుగులో పెడితే ‘క’, ఒడియాలో పెడితే ఒడియా ‘క’ వస్తుంది. రెండు లిపులూ ఒకే వేళ్ళతో అబ్బుతాయి. (ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్ పట్టికలో కూడా ఒడియా ‘క’కీ మన ‘క’కీ మధ్య దూరం సరిగ్గా 256 గళ్ళు. మిగతా హల్లులదీ అదే లెక్క. ఈ సంగతి చెప్పినప్పుడు లెక్కలంటే పారిపోయే పిల్లాడొకడు లేచి నిలబడి, అయితే 256 కూడితే ఒడియా పుస్తకం తెలుగు లిపిలోకి వచ్చేస్తుందా మాస్టారూ అన్నాడు. చాలా మటుకు వస్తుందిరా అన్నాను.)

అసలు విషయానికి వస్తాను. మీలో ఒక బృందం చేసిన టైపింగ్ ప్రోగ్రాం మా తరగతికి ప్రాణం. పేరు చెప్పను, వాళ్ళని వీధిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ప్రోగ్రాం పదం చూపిస్తుంది, పిల్లలు కొడతారు, తన దగ్గరున్న పదాల పట్టికతో సరిచూసి తప్పయితే ఎర్రగీత వేస్తుంది. పాత వెర్షన్‌లో ఒక వింత ఉండేది. ‘హెడ్‌మాస్టర్’ అని ఎంత సరిగ్గా కొట్టినా ఎర్రగీతే. ‘బస్‌స్టాండ్’ తప్పు, ‘సాఫ్ట్‌వేర్’ తప్పు. ‘హెడ్‌మాస్టర్ ఎప్పుడూ తప్పే’ అని పిల్లలకి అదొక పాటయిపోయింది. ఆ బృందానికి, అంటే మీకు, రాశాం. ‘మా దగ్గర సరిగ్గానే వస్తోంది, అయినా కొత్త వెర్షన్ పంపుతున్నాం’ అని జవాబు వచ్చింది. డెబ్ ఫైలు పెద్దది, మా నెట్ చిన్నది. విశాఖ నుంచి వస్తున్న మా మేనల్లుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాడు.

ఆదివారం పొద్దున్నే 14 కంప్యూటర్లలోనూ ఎక్కించాం. ఒక్కదాంట్లోనూ తెరుచుకోలేదు. ఫలానా లైబ్రరీ ఫైలు (ప్రోగ్రాం అరువు తెచ్చుకునే కోడ్) దొరకలేదని ఒకే వాక్యం, 14 తెరల మీద. ప్రోగ్రాంకి ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ ఆదేశం కొట్టి చూశాను. పట్టికలో అన్నీ ఉన్నాయి, ఆ ఒక్కదాని ఎదురుగా ‘నాట్ ఫౌండ్’. మీకు ఫోన్ చేశాను. పాపం, మర్యాదగా మాట్లాడారు. ‘అది నా దగ్గర ఉంది మాస్టారూ, రెండేళ్ళ కిందట నేనే కంపైల్ చేసి లోకల్ ఫోల్డర్లో పెట్టుకున్నాను, మర్చిపోయాను’ అన్నారు. ఆ లైబ్రరీని వాట్సాప్‌లో పంపారు. పెట్టాను. ఈసారి వేరే వాక్యం: లినక్స్ ప్రోగ్రాములు దాదాపు అన్నీ ఆనుకునే మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.38 కావాలట. మా డెబియన్ 12లో ఉన్నది 2.36. మీరు కట్టింది కొత్త ఉబుంటు మీద. మూడోసారి ఫోన్ చేస్తే ‘అన్నిట్లోనూ ఉబుంటు వేసేయండి, గొడవ ఒగ్గిపోతుంది’ అన్నారు. అప్పటికి పన్నెండయింది. పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీ ప్యాకేజీ ఇంట గెలిచింది. రచ్చకి వచ్చేసరికి ఇల్లంతా వెంట తెచ్చుకుంటే తప్ప నిలబడలేకపోయింది.

ఆ డెబ్ ఫైలు విప్పి చూస్తే కారణం దొరికింది. ఏయే ప్యాకేజీల మీద ఆధారపడుతుందో రాసే కంట్రోల్ ఫైలులో ‘డిపెండ్స్’ దగ్గర జీలిబ్‌సీ ఒక్కటే ఉంది, అదీ వెర్షన్ అంకె లేకుండా. అంటే ఆ ఫైలు మీరు చేత్తో రాసి, డీపీకేజీ-డెబ్‌తో మూట కట్టేశారు. మామూలు దారిన డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజీతో కట్టి ఉంటే మధ్యలో డీపీకేజీ-ష్లిబ్‌డెప్స్ అనేది ప్రోగ్రాం ఏ లైబ్రరీలు తాకుతోందో తనే లెక్క తీసేది. ఏ ప్యాకేజీకీ చెందని మీ లోకల్ లైబ్రరీ దగ్గరికి రాగానే, దీని ఊరూ పేరూ తెలియదని మొరాయించి ఆగిపోయేది. ఆ మొరాయింపు మీకు విసుగు అనిపించి ఉంటుంది. కానీ అది మీ ఇంట్లో మొరాయిస్తే ఒక్కరికి విసుగు, మా దగ్గర మొరాయిస్తే ముప్ఫైమంది పిల్లల ఆదివారం.

మా అమ్మ ఆవకాయ పెట్టే రోజున వంటగదిలోకి మమ్మల్ని రానిచ్చేది కాదు. జాడీ ఎండలో పెట్టి, గరిట ఎండలో పెట్టి, చేతులు తుడుచుకుని మళ్ళీ తుడుచుకుని, అప్పుడు కలిపేది. ఒక్క తడిచెయ్యి తగిలితే ఏమవుతుందమ్మా అంటే, ఇవాళేం కాదురా, ఆషాఢంలో తెలుస్తుంది అనేది. మీరు రోజూ పనిచేసే ల్యాప్‌టాప్ మీద ప్యాకేజీ కట్టడం తడిచేత్తో ఆవకాయ కలపడం. కలిపిన రోజు రుచి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. జాడీ ఊరు దాటాక బూజు పడుతుంది.

ఇందుకు విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. సీహెచ్‌రూట్ అనే ఏర్పాటు 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. ఒక ఫోల్డర్ చూపించి, ఇదే నీ లోకం, ఇంతకు మించి భూమి లేదు అని ప్రోగ్రాంకి చెప్పడం. డీబూట్‌స్ట్రాప్ అనే పనిముట్టు ఒక ఖాళీ ఫోల్డర్లో కనీస సామాన్లతో కొత్త డెబియన్ పరిచి ఇస్తుంది. ఎస్‌బిల్డ్ గానీ పీబిల్డర్ గానీ ఆ గదిలోకి మీ సోర్సు (మీరు రాసిన అసలు కోడ్) తీసుకెళ్ళి, మీరు ‘బిల్డ్-డిపెండ్స్’ (కట్టడానికి కావలసినవి) వరసలో రాసిన ప్యాకేజీలు మాత్రమే వేసి, కట్టి, తయారైన డెబ్‌ని బయట పెట్టి, గదిని తుడిచేస్తుంది. మళ్ళీ కడితే మళ్ళీ కొత్త గది. మిగతా లినక్స్‌లలో ఫెడోరా వాళ్ళకి మాక్ అనే ఇలాంటి పనిముట్టు ఉంది. ఆర్చ్ వాళ్ళకీ ఇలాంటి శుభ్రమైన గది పద్ధతి ఉంది. నిక్స్, గిక్స్ అయితే ఈ పట్టింపునే పునాదిగా వేసుకుని మొత్తం ఇల్లు కట్టుకున్నాయి. పేరేదైనా నాకు పేచీ లేదు. గది మూసి ఉండాలి, లోపలికి ఏం వెళ్ళిందో కాగితం మీద ఉండాలి. (సీహెచ్‌రూట్‌ని జైలు అనుకోకండి. రూట్ హక్కులున్నవాడు, అంటే కంప్యూటర్ మీద సర్వాధికారి, గోడ దూకగలడు. ఇక్కడ మనకి కావలసింది దొంగని బంధించడం కాదు, మన మతిమరుపుని బయటపెట్టడం.)

మీరు సోర్సు ఇచ్చారు, ఆ మాత్రం ధర్మం పాటించారు. కాబట్టి నేనే కూర్చున్నాను. పద్నాలుగో కంప్యూటర్ని తరగతి నుంచి తప్పించి, దాంట్లో పీబిల్డర్ వేసి, రాత్రి భోజనం అయ్యాక మొదలుపెట్టాను. బయట వాన. మొదటి ప్రయత్నం నిమిషంలోపే కూలింది: లైబ్రరీల జాడ చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ లేదు. బిల్డ్-డిపెండ్స్‌లో చేర్చాను. రెండోసారి: అనువాదాల ఫైళ్ళని మార్చే ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ లేదు. అది గెట్‌టెక్స్ట్ ప్యాకేజీలో ఉంటుంది, చేర్చాను. మూడోసారి మీ ఆ లోకల్ లైబ్రరీ. డెబియన్ 12లో దాని పాత వెర్షన్ ఉంది, మీ కోడ్‌లో కొత్త ఫంక్షన్ వాడింది ఒక్కచోటే, రెండు లైన్లు మారిస్తే పాతదానితోనే సరిపోయింది. నాలుగోసారి, ఐదోసారి చిన్నా చితకా. ఆరోసారి సగం దాకా సాఫీగా వెళ్ళి, చటుక్కున ఆగింది. పదాల పట్టికని కర్ల్‌తో నెట్ నుంచి దింపుకోబోయింది. పీబిల్డర్ గదిలో నెట్ ఉండదు, కట్టేటప్పుడు తీగ తెంపేస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఆ పట్టిక ఎవరిదో సొంత డ్రైవ్‌లో ఉంది. నా బ్రౌజర్లో ఆ లింకు నొక్కితే ‘అనుమతి లేదు’ అంది. అంటే మీ ప్రోగ్రాం ప్రాణమంతా ఒకరి డ్రైవ్ సెట్టింగ్ మీద వేలాడుతోంది. ఆయన రేపు ఫైలు తుడిచేస్తే? లేదా అందులో నాలుగు పదాలు మారిస్తే? అదే సోర్సు, అదే వెర్షన్ అంకె, సోమవారం కట్టినదానికీ మంగళవారం కట్టినదానికీ పదాలు వేరు. డెబియన్ నియమావళిలో తన ప్రధాన భాండాగారంలోకి వచ్చే ప్యాకేజీలేవీ బిల్డ్ సమయంలో నెట్ జోలికి పోకూడదని ఊరికే రాయలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ వచ్చి గజపతి జిల్లాని ముంచింది. కరెంటు, ఫోను, నెట్ మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియని రోజులు మేం చూశాం. అలాంటప్పుడు జనరేటర్ పెట్టుకుని నా దగ్గరున్న సోర్సుతో నేను కట్టుకోగలగాలి. ఇది మీకు గొంతెమ్మ కోరికలా కనిపించవచ్చు. పట్టిక ఫైలుని సోర్సుతో పాటు పెట్టేయడమే దానికి చేయాల్సిందంతా.

నా దగ్గర పాత పట్టిక నకలు ఉంది, సోర్సులో పెట్టాను. ఏడోసారి పదకొండు నిమిషాల్లో డెబ్ చేతికి వచ్చింది. పదమూడో కంప్యూటర్లో వేసి, తెరుచుకోగానే ముందు ‘హెడ్‌మాస్టర్’ కొట్టాను. ఎర్రగీత లేదు.

సంతోషించాల్సింది పోయి నాకు భయమేసింది. నేను ఆ తప్పు జోలికే పోలేదు మరి! అర్ధరాత్రి దాకా వెతికితే అప్పుడు దొరికింది. ‘హెడ్‌మాస్టర్’లో ‘డ్’ కింద మ వత్తు పడకుండా మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడతాం కదా, జెడ్‌డబ్ల్యూఎన్‌జే. మీ బిల్డ్ స్క్రిప్టు పదాల పట్టికని సార్ట్ చేస్తుంది, ప్రోగ్రాం ఆ వరసని నమ్ముకుని సగానికి సగం కోస్తూ వెతుకుతుంది. సార్ట్ వరస లొకేల్‌ని, అంటే కంప్యూటర్‌కి చెప్పిన భాష, ప్రాంతం సెట్టింగ్‌ని, బట్టి మారుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో భారతీయ ఇంగ్లీషు లొకేల్. అది ఆ కనపడని అక్షరాన్ని లెక్కలోకి తీసుకోకుండా పదాలని పేరుస్తుంది. మా కంప్యూటర్లలో నేను పెట్టింది ఉత్త సీ-యూటీఎఫ్-8. అది ప్రతి అక్షరాన్నీ దాని అంకెని బట్టి లెక్కిస్తుంది, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంకె మన అక్షరాలన్నిటికంటే పెద్దది. మీరు ఒక వరసలో పేర్చారు, మా దగ్గర ప్రోగ్రాం ఇంకో వరసలో వెతికింది. పదం అక్కడే ఉంది, వెతికే చెయ్యి వేరే అరలో ఉంది. మూసిన గదిలో పీబిల్డర్ కూడా సీ వరసలోనే పేర్చింది కాబట్టి మా దగ్గర కలిసిపోయింది.

గమనించండి, ఇప్పుడు నేను కట్టిన ప్యాకేజీని మీ ల్యాప్‌టాప్‌లో వేస్తే మీ హెడ్‌మాస్టర్ తప్పవుతాడు. గది తప్పుని దిద్దలేదు, తప్పు ఏ గోడ మీద ఉందో చూపించింది. అసలు మందు రెండు చోట్ల: సార్ట్‌కి ముందు లొకేల్‌ని సీ అని గట్టిగా చెప్పడం, ప్రోగ్రాంలో పోలికని బైట్ల ప్రకారం చేయడం. ఆ మార్పుల ప్యాచ్ మీకు పంపాను. ‘మా దగ్గర సరిగ్గానే వస్తోంది’ అని మీరన్నది అబద్ధం కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. మీరు నిజమే చెప్పారు, మా పిల్లలూ నిజమే చెప్పారు. రెండు నిజాల మధ్య ఒక లొకేల్ ఉంది.

ఇక నమ్మకం సంగతి. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన డెబ్ ఫైలుని రూట్ హక్కులతో 14 కంప్యూటర్లలో ఎక్కించిన మనిషిని నేను. మీరు మంచివాళ్ళని నాకు తెలుసు. మీ ల్యాప్‌టాప్ మంచిదో కాదో మీకు తెలుసా? 2015లో చైనాలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆపిల్ సర్వర్ నుంచి ఐఫోన్ యాప్‌లు కట్టే ఎక్స్‌కోడ్ దిగడానికి చాలాసేపు పడుతోందని అక్కడి ప్రోగ్రామర్లు కొందరు బైదూ ఫైళ్ళ అరలో దొరికిన నకలు దింపుకున్నారు. ఆ నకలు విషపుది. వాళ్ళు కట్టిన ప్రతి యాప్‌లోకీ దాని కోడ్ వాళ్ళకి తెలియకుండానే చేరింది, వీచాట్ అంతటి యాప్‌లోకి కూడా. వాళ్ళ సోర్సులో ఒక్క అక్షరం మారలేదు. నెట్ నెమ్మది అని పక్కదారి పట్టినవాళ్ళ కథ అది, చదువుతుంటే మా ఊరి కథలాగే అనిపించింది.

మూసిన గదిలో కడితే అన్నీ పోతాయని మాత్రం చెప్పను. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ బయటపెట్టిన, ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రాం వ్యవహారం చూడండి. దూరం నుంచి కంప్యూటర్లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తే దొంగతలుపు దొరికింది. 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్ అస్థిర శాఖకి శుభ్రమైన గదుల్లోనే బిల్డ్ అయ్యాయి. విషం సోర్సు మూటలోనే ఉంది, గది ఏం చేస్తుంది? కానీ ఆ మూటలోని బిల్డ్ స్క్రిప్టులో ఒక ముక్క, మార్పుల చరిత్ర అంతా ఉంచే గిట్‌లో లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగారు కాబట్టి అది ఎలా దూరిందో లోకానికి తెలిసింది. మీ ప్యాకేజీకి పోల్చుకోవడానికి రెండో ముక్కే లేదు. మీరు కట్టినది ఒక్కటే ఉంది, నమ్మాలి లేదా మానాలి.

అందుకే నా పెద్ద కోరిక: మీరొకచోట, నేనొకచోట కడితే రెండు డెబ్ ఫైళ్ళూ బైటు తేడా లేకుండా ఒకటే కావాలి. ఇది కుదిరే పనే, డెబియన్ వాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్నదే. బిల్డ్‌ఇన్ఫో ఫైలు ఇస్తే ఏ ప్యాకేజీల ఏ వెర్షన్లతో కట్టారో నాకు తెలుస్తుంది, అవే నేనూ వేసుకుంటాను. మీ ప్రోగ్రాంలో ‘అబౌట్’ నొక్కితే కట్టిన తేదీ, గంట, నిమిషం కనిపిస్తాయి, ముచ్చటగానే ఉంది. ఆ ముచ్చట వల్ల ఒకే గదిలో రెండుసార్లు కట్టినా రెండు రకాల ఫైళ్ళు వస్తాయి. సోర్స్-డేట్-ఇపాక్ అనే చరరాశి ఉంది, మార్పుల చిట్టా అయిన ఛేంజ్‌లాగ్‌లోని చివరి తేదీ అందులో ఉంటుంది, గడియారం బదులు దాన్నే వాడండి. ముచ్చట మిగులుతుంది, తేడా పోతుంది.

డిస్క్, డేటా ఖర్చు అంటారేమో. గది మొత్తం కొన్ని వందల ఎంబీలు. ఒకసారి దింపిన ప్యాకేజీలని ఆప్ట్-క్యాషర్ దాచి పెడితే రెండోసారి నెట్ తాకక్కర్లేదు. మా పద్నాలుగో కంప్యూటర్ వయసు, మెమరీ ముందే చెప్పాను. దానితో అయిన పని మీ ల్యాప్‌టాప్‌తో కాదంటే నేను నమ్మను. సమయం లేదంటే మాత్రం నమ్ముతాను. ఆ మాట చెప్పండి చాలు, గది ఊడ్చే పని నేను చేస్తాను. గుణుపురంలో ఒకరు, రాయగడలో ఒకరు ఇలాంటి తరగతులే నడుపుతున్నారు, వాళ్ళూ చెయ్యి వేస్తామన్నారు. మీరు సోర్సులో డెబియన్ ఫోల్డరు, అందులో నిజమైన బిల్డ్-డిపెండ్స్ వరస, పట్టిక ఫైలు ఉంచితే చాలు. కొత్త ఉబుంటుతో పాటు డెబియన్ 12కి కూడా కట్టాలి. పాత కంప్యూటర్లున్న గదులు మా ఊళ్ళో ఒక్కటే కాదు.

కొత్త వెర్షన్ ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు సోర్సు పంపండి. అదే రాత్రి పద్నాలుగో కంప్యూటర్లో కట్టి, షా-256 అంకె (ఫైలుకి వేలిముద్ర లాంటిది) మీకు రాస్తాను. మీ అంకెతో కలిస్తే ఆదివారం పిల్లలకి వేస్తాను. కలవకపోతే ఫోన్ చేస్తాను. పది దాటితే ఎత్తకండి, పొద్దున్నే చేస్తాను.

ఇట్లు,
బరంపురం ఆదివారం తరగతి కంప్యూటర్ మాస్టారు